మొహావీ ఎడారిలో అంత ఖాళీ భూమి ఉంటే రిజర్వ్ చేసి పెట్టడం ఎందుకు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "లాస్ వేగాస్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి కారులో వెళ్తే దారంతా ఎడారే. ఊరు లేదు, పైరు లేదు. చాలావరకు ప్రభుత్వ భూమే. నేషనల్ మాన్యుమెంట్ (కట్టడం కాదు, ప్రభుత్వం ప్రత్యేక రక్షణ కింద పెట్టిన భూమి) అనీ, వైల్డర్‌నెస్ (రోడ్లూ కట్టడాలూ లేకుండా వదిలేసిన భూమి) అనీ రిజర్వ్ చేసే బదులు సోలార్ ప్లాంట్లకో, ఇళ్ళకో ఇచ్చేయొచ్చు కదా? అభివృద్ధికి అడ్డు తప్ప దీనివల్ల ఒరిగేదేంటి?"

ముందే చెప్పేస్తున్నా, నేను సోలార్ రంగంలోనే పనిచేస్తాను. సివిల్ ఇంజనీర్‌ని. ప్యానెళ్ళు రాకముందు నేల ఎంత చదును చేయాలి, వాన పడితే నీళ్ళు ఎటు పారతాయి, లోపలి రోడ్లు ఎక్కడ వేయాలి అని చూడటం నా పని. పుట్టి పెరిగింది అనంతపురం జిల్లాలో, ఇప్పుడుంటున్నది లాస్ వేగాస్ పక్కన హెండర్‌సన్‌లో. ఎండా, బీడు నేలా నాకు కొత్త కాదు. సోలార్ మీద కోపమూ లేదు, మా ఇల్లు గడిచేది దానిమీదే. అయినా ఆ ఎడారిలో చాలా భాగాన్ని కదపకుండా ఉంచాలనే అంటాను. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ భూమి ఎవరిదో చూడాలి.

నెవాడాలో దాదాపు 80 శాతం భూమి ఫెడరల్ ప్రభుత్వానిది. అందులో ఎక్కువ భాగం బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చేతిలో ఉంది. ఇక్కడ అందరూ బీఎల్ఎం అంటారు. దేశం మొత్తమ్మీద ఆ శాఖ కింద ఉన్నది సుమారు 24.5 కోట్ల ఎకరాలు. సాగుకి పంచుతామన్నా ఎవరూ తీసుకోక మిగిలిపోయిన భూమే ఇందులో చాలా ఉంది. 1976లో ఒక చట్టం చేసి, ఇకమీదట ఈ భూముల్ని ప్రభుత్వమే అట్టిపెట్టుకుంటుంది, గనులకీ మేతకీ విహారానికీ వన్యప్రాణులకీ అన్నిటికీ వాడుతుంది అన్నారు. అన్నీ ఒకే చోట ఇమడవు కదా, అప్పటి నుంచీ కొట్లాటే.

ఇప్పుడు డెవలపర్ కుర్చీలో కూర్చుని చూడండి. 300 మెగావాట్ల ప్లాంటుకి రెండు వేల ఎకరాల దాకా కావాలి. అదే ప్రైవేటు భూమి అయితే యజమానులు, వాళ్ళ వారసులు, బ్యాంకు తాకట్లు, నీటి హక్కులు... మా వైపు ఎన్.పి.కుంట దగ్గర సోలార్ పార్కు వచ్చిన రోజులు గుర్తున్నవాళ్ళకి తెలుసు, పట్టా ఏది, డీకేటీ (ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి) ఏది, ప్రభుత్వ భూమి ఏది అని తేల్చేసరికే తల ప్రాణం తోకకొస్తుంది. బీఎల్ఎం దగ్గరైతే ఆసామి ఒక్కడే. పర్యావరణ పరిశీలన ఏళ్ళు పట్టొచ్చు గానీ, చివరికి కావలసింది ఒక్క సంతకం. వస్తే దశాబ్దాల లీజు. ఎవరూ అడుగు పెట్టని లోయల మీద కంపెనీల కన్ను పడటానికి నేను చూసినంతలో ఇదే పెద్ద కారణం. ఎండ మాత్రం నీళ్ళు లేక వదిలేసిన అల్ఫాల్ఫా (పశుగ్రాసం) పొలం మీదా అంతే కాస్తుంది.

ఇక "ఖాళీ" సంగతి. హైవే మీద గంటకి 80 మైళ్ళతో వెళ్తుంటే నాకూ ఖాళీగానే కనిపిస్తుంది. కారు దిగి ఓ వంద అడుగులు నడిస్తే అలా ఉండదు. క్రియోసోట్ పొదలు మనిషి నాటినట్టు ఎడం ఎడంగా ఉంటాయి, ఉన్న కాస్త తేమ కోసం అలా సర్దుకుని. ఒక్కో పొద చుట్టూ గాలికి చేరిన మట్టి దిబ్బ, ఆ దిబ్బలో బొరియలు. పొదల మధ్య నేల మీద నల్లగా, పెళుసుగా ఒక పొర కడుతుంది. నాచు, శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు కలిసి అల్లుకున్న పొర అది. దుమ్ము లేవకుండా పట్టి ఉంచేది అదే. బూటు కాలు పడితే చిట్లిపోతుంది, మళ్ళీ కట్టుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. 1942లో జనరల్ పాటన్ ఉత్తర ఆఫ్రికా యుద్ధం కోసం సైన్యానికి ఈ ఎడారిలో శిక్షణ మొదలుపెట్టాడు. ఆ ట్యాంకుల జాడలు ఇప్పటికీ నేల మీద కనిపిస్తాయి. లూసర్న్ వ్యాలీ దగ్గర కింగ్ క్లోన్ అనే క్రియోసోట్ వలయం ఉంది, వయసు సుమారు 11,700 ఏళ్ళని లెక్కగట్టారు. చూస్తే మామూలు పొదల గుంపు, ఫొటో తీయడానికి కూడా పనికిరాదు.

మా పనిలో దీన్ని అందరికంటే ముందు గుర్తుచేసేది తాబేలు. మొహావీ ఎడారి తాబేలుని 1990లో ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించారు. సైట్‌లో చేరిన మొదటి రోజు ప్రతి ఒక్కరికీ దానిమీద క్లాసు ఉంటుంది, అది అయ్యాకే హెల్మెట్‌కి స్టిక్కర్ అంటిస్తారు. స్టిక్కర్ లేకపోతే గేటు దాటనివ్వరు. బండి ఎక్కే ముందు నాలుగు టైర్ల పక్కనా వంగి చూడాలి, నీడ దొరికింది కదా అని అది టైరు కింద దూరి పడుకుంటుంది. ఉంటే కదిలించకూడదు, జీవశాస్త్రవేత్తకి ఫోన్ చేసి వాళ్ళు వచ్చేదాకా నిలబడాలి. ఆ ఎండలో క్రేన్ డ్రైవర్లు, ఫోర్‌మన్లు, గంటకి ఇంతని అద్దె పడే యంత్రాలు అన్నీ ఒక తాబేలు కోసం కాచుకుని ఉండటం చూస్తే కొత్తవాళ్ళకి నవ్వొస్తుంది. దానికి కారణముంది. భయపడితే అది ఒంట్లో దాచుకున్న నీళ్ళన్నీ మూత్రంగా వదిలేస్తుంది. తర్వాతి వాన దాకా దాని బతుకు ఆ నీళ్ళ మీదే. ఎత్తి పక్కన పెట్టి మేలు చేశామనుకుంటాం, అది దాహంతో చచ్చిపోతుంది.

"వేరే చోటికి తరలిస్తే సరిపోదా?" అంటారు. చట్టప్రకారం చేసేదీ అదే. 2021లో నెవాడాలోని పారంప్ వ్యాలీలో ఎల్లో పైన్ అనే సోలార్ ప్రాజెక్టు కోసం వందకి పైగా తాబేళ్ళని తరలించారు. ఆ ఏడు కరువు. మామూలుగా తినే చిన్న జంతువులు దొరక్క బ్యాడ్జర్లు (నేల తవ్వి వేటాడే జంతువులు) వీటి మీద పడ్డాయి, దాదాపు 30 పోయాయి. అంతకుముందు 2008లో ఫోర్ట్ ఇర్విన్ సైనిక స్థావరం విస్తరణప్పుడు తరలించిన తాబేళ్ళని తోడేళ్ళ జాతికి చెందిన కయోటీలు తినేశాయి. గుడ్లు పెట్టే వయసు రావడానికే పదిహేనేళ్ళ దాకా పట్టే జంతువు అది. పెద్దవి పోతే ఆ లోటు మన జీవితకాలంలో పూడదు.

మీరు వెళ్ళే దారిలోనే, రాష్ట్ర సరిహద్దు దగ్గర ప్రిమ్ పక్కన, మూడు పెద్ద టవర్లు కళ్ళు చెదిరేలా మెరుస్తుంటాయి. అది ఐవన్‌పా, అద్దాలతో ఎండని టవర్ల మీదకి మళ్ళించి ఆ వేడితో కరెంటు తీసే సోలార్ ప్లాంటు. బీఎల్ఎం భూమిలో 3,500 ఎకరాలు, 392 మెగావాట్లు, ఖర్చు 220 కోట్ల డాలర్లు, అందులో 160 కోట్ల రుణానికి ఫెడరల్ ప్రభుత్వమే పూచీ. అనుకున్నదానికంటే చాలా ఎక్కువ తాబేళ్ళు బయటపడి 2011లో కొంతకాలం పని ఆగింది. 2014లో మొదలయ్యాక అద్దాల వేడి కిరణాల మధ్య ఎగిరే పక్షులు గాల్లోనే కాలిపోతున్నాయని తేలింది. ఈలోగా మామూలు ప్యానెళ్ళ ధర పాతాళానికి పడిపోయింది. ఆ కరెంటు కొనే వాటిలో పెద్ద కంపెనీ పీజీ అండ్ ఈ, ఒప్పందాన్ని గడువుకి ముందే ముగించుకోవాలనుకుంటున్నట్టు 2025 జనవరిలో ప్రకటించింది. పదేళ్ళలో పాతబడే టెక్నాలజీ కోసం వేల ఏళ్ళ నేలని తవ్వడం నాకు కడుపు మండే విషయం. ఇంజనీర్లు తెలివితక్కువవాళ్ళని కాదు. అప్పట్లో తేలిగ్గా దొరికిన చోటు అదీ, అంతే.

ఇదే రంగంలో మంచీ జరిగింది, అదీ చెప్పాలి. లాస్ వేగాస్‌కి ఈశాన్యంలో జెమిని అనే 690 మెగావాట్ల ప్లాంటు ఉంది. అక్కడ చాలా భాగంలో బుల్డోజర్‌తో గీకేయకుండా పొదల్ని పైపైన కత్తిరించి, వేళ్ళూ నేల పొరా అలాగే ఉంచి, వాటి మీద ప్యానెళ్ళు నిలబెట్టారు. త్రీకార్నర్ మిల్క్‌వెచ్ అనే అరుదైన మొక్క ప్యానెళ్ళ మధ్య మళ్ళీ మొలిచింది, ముందుకంటే ఎక్కువే కనిపించింది. నా లాంటివాడికి ఇది పండగ. గ్రేడింగ్ (నేల చదును చేయడం) తగ్గితే ఖర్చూ తగ్గుతుంది, దుమ్మూ తగ్గుతుంది. మొత్తం లోయ అంతా అలా చేయొచ్చా అంటే, వాగులు పారే చోట కుదరదు. ఏడాదంతా ఎండి ఉండే వాగు ఆగస్టులో ఒక్క సాయంత్రం వానకి కంచెలూ రోడ్లూ లాక్కుపోతుంది. దాన్ని తట్టుకోవాలంటే మట్టి తవ్వాల్సిందే.

ఒక ప్రాజెక్టు మీద జరిగిన బహిరంగ సభకి మా కంపెనీ తరఫున వెళ్ళాను. చిన్న ఊరు, కమ్యూనిటీ హాలు, వెనక వరసలో కాఫీ ఫ్లాస్కులు. పర్యావరణవాదులు ఒకవైపు, కంపెనీలు మరోవైపు ఉంటారనుకుంటాం కదా. అక్కడ బీఎల్ఎం అంటేనే మండిపడే వేటగాడూ, పువ్వుల లెక్క తీసే రిటైర్డ్ టీచరమ్మా ఒకే బెంచీ మీద కూర్చుని ప్రాజెక్టు వద్దన్నారు. ఉద్యోగాలు కావాలని యూనియన్ ఎలక్ట్రీషియన్లు లేచారు. ఒకాయన అడిగిన ప్రశ్నకి మా వైపు ఎవరి దగ్గరా జవాబు లేదు: దుమ్ము మాకు, కరెంటు కాలిఫోర్నియాకి, మరి మా బిల్లు ఎంత తగ్గుతుంది? నెవాడాలోనే మోర్మన్ మీసా అనే బల్లపరుపు గుట్ట మీద 850 మెగావాట్లతో బ్యాటిల్ బోర్న్ అనే ప్రాజెక్టు ప్రతిపాదిస్తే చుట్టుపక్కల జనం ఇలాగే ఒక్కటై నిలబడ్డారు, 2021లో కంపెనీయే వెనక్కి తీసుకుంది.

మూలవాసుల సంగతి వేరు. వాళ్ళకి ఇది దృశ్యం కాదు, గుడి. 2023 మార్చిలో ప్రకటించిన ఆవీ క్వా ఆమె మాన్యుమెంట్, దాదాపు 5 లక్షల ఎకరాలు, మొహావీ తెగతో సహా యూమన్ భాషలు మాట్లాడే తెగలకి సృష్టి మొదలైన కొండ చుట్టూ ఉన్న భూమి. అక్కడ గాలిమరలు పెడతామని కంపెనీలు ఏళ్ళపాటు తిరిగాయి. అంతకుముందు 1990లలో నీడిల్స్ దగ్గర వార్డ్ వ్యాలీలో రేడియోధార్మిక వ్యర్థాలు పాతిపెట్టాలనుకున్నారు, 1998లో తెగల వాళ్ళు ఆ నేల మీదే గుడారాలు వేసుకుని కూర్చుంటే ఆగింది. నెవాడాలో 1951 నుంచి 1992 దాకా అణుబాంబులు పరీక్షించారు. "అక్కడెవరున్నారు" అనే మాటకి ఈ ప్రాంతంలో అంత చరిత్ర ఉంది కాబట్టే, అదే మాట సోలార్ వాళ్ళ నోట వింటే ఇక్కడి జనం భగ్గుమంటారు.

అలాగని రిజర్వ్ చేస్తే అంతా క్షేమం అనుకోకండి. మొహావీ నేషనల్ ప్రిజర్వ్ 1994 చట్టంతో వచ్చింది. డెత్ వ్యాలీ, జాషువా ట్రీ నేషనల్ పార్కులైందీ ఆ చట్టంతోనే. వేటకి అనుమతి ఉండాలని పట్టుబట్టడంతో దీనికి మాత్రం పార్కు హోదా దక్కలేదు. సరే, రక్షణ దొరికింది. 2020 ఆగస్టులో పిడుగు పడి 43 వేల ఎకరాలు కాలిపోయాయి, 13 లక్షల జాషువా చెట్లు మసైపోయాయని అంచనా. 2023లో ఇంకో మంట, 93 వేల ఎకరాలు. బయటి నుంచి వచ్చి పడిన గడ్డి పొదల మధ్య ఖాళీని నింపేసి నిప్పుకి దారి వేస్తోంది, పైగా వేడి పెరుగుతోంది. ఈ మంటల్ని చూపించే సోలార్ వాళ్ళు "కర్బనం తగ్గించకపోతే మీ ప్రిజర్వ్ మిగలదు" అంటారు. ఆ మాట నిజం. మన కర్నూలు వైపు రోళ్ళపాడు కూడా అంతే కదా. బట్టమేకల పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు, చుట్టూ సాగు మారిపోయింది, పిట్ట కనబడటమే గగనమైంది.

పైగా ఆ రక్షణ కూడా ఒక్క సంతకమే. 1906 నాటి యాంటిక్విటీస్ చట్టం ప్రకారం ప్రెసిడెంట్ సంతకం పెడితే ఫెడరల్ భూమి మాన్యుమెంట్ అయిపోతుంది, ఇక్కడి పార్లమెంటైన కాంగ్రెస్ ఓటు అక్కర్లేదు. యూటాలో బేర్స్ ఇయర్స్‌ని 2016లో ఒకరు ప్రకటించారు, 2017లో ఇంకొకరు 85 శాతం కోసేశారు, 2021లో మరొకరు తిరిగి కలిపారు. కాలిఫోర్నియాలో చక్‌వాలా మాన్యుమెంట్‌ని 2025 జనవరి 14న ప్రకటించారు. ప్రెసిడెంట్ తలుచుకుంటే మాన్యుమెంట్‌ని పూర్తిగా రద్దు చేయొచ్చని అదే ఏడాది న్యాయశాఖ అభిప్రాయమిచ్చింది. సోలార్‌కీ అదే గతి. నెవాడాలో ఎస్మరాల్డా 7 పేరుతో ఏడు ప్రాజెక్టులు, 6.2 గిగావాట్లు, దాదాపు 1,18,000 ఎకరాలు కలిపి పరిశీలనలో ఉండేవి. 2025 అక్టోబర్‌లో ఆ ఉమ్మడి పరిశీలనని రద్దు చేశారు. ఎకరాల లెక్క చూస్తే అంత విస్తీర్ణం ఒక్కచోట అడగడం అత్యాశే అనిపించింది, కానీ ఏళ్ళ తరబడి చేసిన సర్వేలు వెబ్‌సైట్‌లో ఒక్క ముక్కతో పోవడం చూస్తే మా ఆఫీసులో అందరికీ టెన్షన్ పట్టుకుంది. వచ్చే ప్రభుత్వాన్ని బట్టి తాబేలుకో, కంపెనీకో అదృష్టం మారుతుంటే ఎవరూ ముప్పై ఏళ్ళ ప్లాన్ వేయలేరు.

నాకు నచ్చిన పద్ధతి 2016 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియా ఎడారికి వేసిన ప్లాన్, డీఆర్ఈసీపీ అంటారు. ఎనిమిదేళ్ళ దాకా కూర్చుని 1.08 కోట్ల ఎకరాల బీఎల్ఎం భూమిని మ్యాపు మీద విడదీశారు. సుమారు 3.88 లక్షల ఎకరాలు సోలార్, గాలిమరల లాంటి వాటికి, 65 లక్షల ఎకరాల దాకా సంరక్షణకి, 36 లక్షలు విహారానికి. ఎవరికీ పూర్తిగా నచ్చలేదు. సోలార్ కంపెనీలు మరీ తక్కువిచ్చారన్నాయి, పర్యావరణ సంఘాల్లో కొందరు ఎక్కువిచ్చారన్నారు. కానీ కేటాయించిన చోట పని చేస్తే తేడా తెలుస్తుంది. హై టెన్షన్ లైను దగ్గర్లోనే ఉంటుంది, పక్కన పాత గనో హైవేనో ఉంటుంది, ఏ మొక్క పోతే దానికి బదులుగా ఎంత భూమి కొని కాపాడాలో ముందే రాసి ఉంటుంది. డెజర్ట్ సెంటర్ చుట్టుపక్కల వరసగా ప్లాంట్లు వచ్చింది ఇలాంటి చోటే. అక్కడ ఉండే పెద్దవాళ్ళకి దుమ్ము బాధ, బావుల్లో నీళ్ళు తగ్గుతాయన్న భయం ఉన్నాయి, ఆ ఫిర్యాదులు నిజమైనవే. ఆ ప్లాన్ మనుషుల గురించి తక్కువ ఆలోచించింది.

ఇళ్ళ సంగతీ అడిగారు. లాస్ వేగాస్ చుట్టూ గీత గీసి, ఆ గీత లోపలి బీఎల్ఎం భూమిని వేలం వేసే చట్టం 1998 నుంచే ఉంది. వచ్చిన డబ్బులో 85 శాతం నెవాడాలోనే పార్కులకీ సంరక్షణకీ పోతుంది. హెండర్‌సన్‌లో కొత్త కాలనీలు చాలా అలా వచ్చినవే. 2025లో పశ్చిమ రాష్ట్రాల్లో లక్షల ఎకరాలు అమ్మేద్దామని సెనేట్‌లో ప్రతిపాదన వస్తే వేటగాళ్ళ నుంచి పర్వతారోహకుల దాకా అందరూ విరుచుకుపడ్డారు, వెనక్కి తీసుకోక తప్పలేదు. ఇళ్ళ కొరత నిజమే, అద్దెలు నాకు తెలియనివా? కానీ ఈ ఊరికి 90 శాతం నీళ్ళు కొలరాడో నది నుంచి రావాలి. నది దగ్గర లేని నీళ్ళు భూమి అమ్మితే రావు.

కాబట్టి నా వరస ఇది: ముందు ఇంటి కప్పులు, పార్కింగ్ స్థలాలు, వదిలేసిన పొలాలు, పాత గనులు, లైన్ల పక్కన ఇప్పటికే చెడిపోయిన నేల. అవి చాలవు, నాకు తెలుసు, కప్పుల మీద ప్యానెల్ పెట్టడానికి వాట్‌కి ఎక్కువ ఖర్చు. ఆ తర్వాత ప్లాన్‌లో కేటాయించిన లోయలు. పొర చెదరని లోయలు ఆఖర్న, అదీ తప్పనిసరైతేనే.

మీరు ఇక్కడే ఉంటున్నారు కాబట్టి ఒక పని చెప్తాను. బీఎల్ఎం ఏ ప్రాజెక్టు మీదైనా, ఏ ప్లాన్ మీదైనా అభిప్రాయాలు అడిగినప్పుడు ఎవరైనా రాయొచ్చు. పౌరసత్వం అడగరు, హెచ్-1 మీద ఉన్నవాళ్ళూ రాయొచ్చు. మనవాళ్ళలో రాసినవాళ్ళు నాకు దాదాపు తగల్లేదు. 2025లో పర్యావరణ పరిశీలన నిబంధనల్ని బాగా కుదించారు, అందుకని నోటీసు కనబడగానే గడువు చూసుకోండి. మొదటి దశలోనే రాయాలి, చోటు మార్చే వీలు అప్పుడే ఉంటుంది. ఆలస్యమైతే కంచె ఎత్తు గురించి మాట్లాడుకోవడమే మిగులుతుంది. "నేను వ్యతిరేకిస్తున్నాను" అని మాత్రం రాస్తే దాన్ని లెక్కేసి పక్కన పెడతారు. ఫలానా వాగు ఈ రోడ్డుకి అడ్డంగా పారుతుంది, ఫలానా మైలు రాయి దగ్గర పాత గని ఉంది, ఆ చోటు ఎందుకు చూడలేదు అని రాస్తే దాన్ని అంత తేలిగ్గా పక్కన పెట్టలేరు. మీరు ప్రాజెక్టు కావాలనే వైపు ఉన్నా ఇదే పద్ధతి. అలాంటి ఉత్తరాలు వచ్చినప్పుడు మా డ్రాయింగులు మార్చిన సందర్భాలు ఉన్నాయి.